చిన్న యాప్ రిలీజ్ తేదీని డిస్ట్రోల ఫ్రీజ్‌లతో కలపడం ఎలా?

కాగితంపడవ:
అందరికీ నమస్కారం. నేను ఒక్కడినే చూసుకునే చిన్న నోట్స్ యాప్ ఒకటి ఉంది, లినక్స్‌లో విండోలు, బటన్లు గీసే జీటీకే 4, లిబ్‌అద్వైత లైబ్రరీల మీద రాసింది. 2024లో దాని 3.0 వెర్షన్‌కి అద్వ్‌డైలాగ్ అనే కొత్త డైలాగ్ విడ్జెట్ కావాల్సి వచ్చింది, అది లిబ్‌అద్వైత 1.5 వచ్చేదాకా లేదు, 1.5 ఏమో మార్చిలో గ్నోమ్ డెస్క్‌టాప్ 46తో పాటు వచ్చింది. సరే అది వచ్చాక నాలుగు రోజులు పరీక్షించి మార్చి ఆఖర్లో నా 3.0 వదిలాను. ఆపాటికి ఒక ఎల్‌టీఎస్ డిస్ట్రోలో (ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇచ్చే లినక్స్ పంపిణీలో) ఫీచర్ ఫ్రీజ్, అంటే ఇక కొత్త ఫీచర్లు తీసుకోం అనే గడువు, అయిపోయి దాదాపు నెల. వాళ్ల దగ్గర 2.6 ఉండిపోయింది.

2.6లో ఒక బగ్ ఉంది. టైప్ చేసిన సెకను లోపల విండో మూసేస్తే చివరి వాక్యం సేవ్ కాదు. సేవ్ చేసే టైమర్ సెకనుకోసారి నడుస్తుంది, మూసేటప్పుడు మిగిలిపోయినది కూడా ఫైల్లో రాసెయ్యమని నేను కోడ్‌లో చెప్పలేదు, అంతే. 3.0లో నాలుగు లైన్లతో సరైపోయింది. కానీ ఆ ఎల్‌టీఎస్ వాడేవాళ్లకి అది ఇప్పటికీ అలాగే ఉంది. పోయిన వారం కూడా ఒకావిడ రాశారు, చదువుకుంటూ రాసుకున్న నోట్స్‌లో చివరి పేరా పోయిందని. నాకు నిజంగా బాధేసింది. నా తప్పు నేను ఎప్పుడో సరిచేశాను, ఆవిడ దాకా అది చేరలేదు.

నా ప్రశ్న ఏంటంటే, లైబ్రరీలు ఒక తేదీకి, డిస్ట్రోలు ఇంకో తేదీకి, అనువాదకులు మరో తేదీకి, ఇలా ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉన్నప్పుడు నాలాంటివాళ్లు రిలీజ్ ఎప్పుడు పెట్టుకోవాలి? పెద్ద ప్రాజెక్టులు ఈ లెక్క ఎలా కలుపుకుంటున్నాయి?

ప్యాకేజీమూట:
మీ యాప్‌లాంటివి ఇరవై దాకా నేను డిస్ట్రోలోకి ప్యాకేజీ చేస్తుంటాను, కాబట్టి అవతలి వైపు నుంచి చెప్తాను. మీ పోస్టులో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి. 3.0 ఆ ఎల్‌టీఎస్‌లోకి వెళ్లకపోవడం ఒకటి, అది తేదీ సమస్య. నాలుగు లైన్ల సరిదిద్దు వెళ్లకపోవడం రెండోది, దానికీ తేదీకీ సంబంధం లేదండీ. మీరు 2.6.1 అని ఆ ఒక్క బగ్ మాత్రమే సరిచేసి రిలీజ్ ఇచ్చారా? ఇవ్వలేదనుకుంటున్నాను. అందుకే మా చేతికి ఏమీ రాలేదు. 3.0 ఇచ్చి "బగ్ ఇందులో సరైంది" అంటే మేము మొత్తం 3.0ని ఎల్‌టీఎస్‌లోకి తేలేం, కొత్త డైలాగులు, కొత్త లైబ్రరీ అవసరం, మారిన మెనూలు అన్నీ దానితో వస్తాయి.

ఉబుంటులో రిలీజ్ అయిపోయాక అప్‌డేట్ వెళ్లాలంటే ఎస్ఆర్‌యూ (స్టేబుల్ రిలీజ్ అప్‌డేట్) అనే పద్ధతి ఉంది. బగ్ ఎలా వస్తుందో, సరైందని ఎలా పరీక్షించాలో, ఇంకేం పాడయ్యే అవకాశం ఉందో రాయాలి, ప్యాకేజీ ముందు ప్రపోజ్డ్ అనే చోటికి వెళ్తుంది, అక్కడ కనీసం 7 రోజులుండాలి, ఎవరో ఒకరు పరీక్షించి బాగుందని చెప్పాలి. డేటా పోయే బగ్ అంటే ఎవరూ కాదనరు. మీ నాలుగు లైన్లు విడిగా ఒక ప్యాచ్‌లా ఉంటే నేనే ఒక సాయంత్రంలో పంపేవాణ్ణి.

కాగితంపడవ:
లేదండీ, 2.6.1 ఇవ్వలేదు. 3.0 వస్తోంది కదా పాతదాన్ని ఎందుకు ముట్టుకోవడం అనుకున్నాను. పాత వెర్షన్‌కి విడిగా కోడ్ శాఖ (బ్రాంచ్) కూడా చేయలేదు, అంతా మెయిన్‌లోనే. ఇవాళ రాత్రికే 2.6 ట్యాగ్ నుంచి బ్రాంచ్ తీసి ఆ నాలుగు లైన్లు అందులో పెడతాను.

పాతకాపు:
ఈ చర్చ చాలా పాతది, కొంచెం వెనక్కి వెళ్తాను, ఓపిక పట్టండి.

గ్నోమ్ కూడా మొదట్లో "అనుకున్నవన్నీ అయ్యాకే రిలీజ్" అనేది. 2002లో 2.0 వచ్చాక ఆ పద్ధతి మానేసి ఆరు నెలలకోసారి, తేదీ ప్రకారం అనే పద్ధతికి వచ్చారు. ఫీచర్ సిద్ధంగా లేకపోతే దాన్ని వదిలేసి మిగతాది బయల్దేరుతుంది, ఆ ఫీచర్ తర్వాతి బండి ఎక్కుతుంది. ఇది డిస్ట్రోలకి ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఉబుంటు 2004 అక్టోబర్‌లో 4.10తో మొదలైనప్పుడు గ్నోమ్ తేదీకి ఒక నెల వెనకాల తన తేదీ పెట్టుకోగలిగిందంటే కారణం అదే. గ్నోమ్ మార్చి, సెప్టెంబర్, ఉబుంటు ఏప్రిల్, అక్టోబర్. ఇన్నేళ్లయినా ఆ అమరిక అలాగే నడుస్తోంది. మధ్యలో ఒక్కసారి, 2006లో, ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌కి జరిగి 6.06 అయింది.

ఇక అందరూ కలిసి ఒకే ముహూర్తం పెట్టుకుందాం అనే ఆలోచన 2008లో ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ గట్టిగా తెచ్చారు. రెడ్‌హ్యాట్, నోవెల్, డెబియన్ ఈ మూడింటిలో రెండు కనీసం ఏ నెల అన్నది ముందే ఒప్పుకుంటే, కెర్నల్, కంపైలర్, గ్నోమ్, కేడీఈ, ఎక్స్, ఓపెన్‌ఆఫీస్ ఏ వెర్షన్లన్నది అందరం ఒకటే పెట్టుకుందాం, అవసరమైతే మా ఎల్‌టీఎస్ తేదీ కూడా మార్చుకుంటాం అన్నారు. అందులో అర్థం ఉంది. ఒకే వెర్షన్ నాలుగు డిస్ట్రోల్లో ఉంటే ఒకరు కనుక్కున్న బగ్ నలుగురికీ సరైపోతుంది, అప్‌స్ట్రీమ్ వాళ్లకి (అసలు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి) కూడా ఒకే పాత బ్రాంచ్‌ని ఎక్కువ కాలం చూసుకుంటే చాలు.

2009 జూలైలో డెబియన్ నిజంగానే ఒక అడుగు వేసింది. రెండేళ్లకోసారి, డిసెంబర్‌లో ఫ్రీజ్ అని ప్రకటించారు, మొదటిది అదే ఏడాది డిసెంబర్. ప్రాజెక్టులో చాలామందిని అడగకుండా చెప్పారని వెంటనే అభ్యంతరాలొచ్చాయి, ఆ డిసెంబర్ తేదీని వదులుకున్నారు. స్క్వీజ్ అనే ఆ డెబియన్ వెర్షన్ చివరికి 2010 ఆగస్టులో ఫ్రీజ్ అయి 2011 ఫిబ్రవరిలో వచ్చింది. పై నుంచి తేదీ దించితే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఒప్పుకోరు అన్నది నేను అప్పుడు కళ్లారా చూశాను. కానీ ఒకటి గమనించండి, ఫ్రీజ్ తేదీ ముందే చెప్పడం అనే అలవాటు మాత్రం తర్వాత డెబియన్‌లో నిలబడింది. రిలీజ్ "సిద్ధమైనప్పుడే" అంటారు, ఫ్రీజ్ ఎప్పుడో మాత్రం చాలా ముందే చెప్తున్నారు.

నిరంతరధార:
నాకు అర్థం కానిది ఏంటంటే ఇన్ని తేదీలు ఎందుకు? ఆర్చ్‌లోనో టంబుల్‌వీడ్‌లోనో, అంటే ఎప్పటికప్పుడు కొత్తవి తీసుకునే రోలింగ్ డిస్ట్రోల్లో, మీ 3.0 కొద్ది రోజుల్లో చేరిపోతుంది. కాదంటే ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌పాక్‌లో పెట్టండి, మీరు వదిలిన రోజే అందరికీ వెళ్తుంది. మధ్యలో డిస్ట్రో ఎందుకు, ఫ్రీజ్ ఎందుకు? నేను ఆరేళ్లుగా రోలింగ్ డిస్ట్రోనే వాడుతున్నాను, ఫ్రీజ్ అనే మాటే మర్చిపోయాను.

ప్యాకేజీమూట:
నిరంతరధార గారూ, ఫ్లాట్‌పాక్ మంచి దారే, కాగితంపడవ గారు తప్పకుండా పెట్టాలి. కానీ అక్కడ క్యాలెండర్ లేదనుకోవద్దు. అక్కడ యాప్‌లకి కావలసిన లైబ్రరీల మూటని రన్‌టైమ్ అంటారు, ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ ఏటా ఆగస్టులో కొత్తది వస్తుంది, 23.08, 24.08 అని పేర్లే తేదీలు. గ్నోమ్ రన్‌టైమ్ ఆరు నెలలకోసారి, ఒక్కొక్కటి దాదాపు ఏడాది ఉండి ఆగిపోతుంది. మీరు ఏడాది పాటు యాప్‌ని పట్టించుకోకపోతే "ఇది వాడే రన్‌టైమ్‌కి ఇక అప్‌డేట్లు రావు" అని వాడేవాళ్లకి హెచ్చరిక కనిపిస్తుంది. అంటే రైలు టైమ్‌టేబుల్ మారిందే గానీ టైమ్‌టేబుల్ లేకుండా పోలేదు.

ఇంకొకటి, వంద కంప్యూటర్లున్న ల్యాబ్‌ని ఒక్కరే చూసుకుంటున్నారనుకోండి, వాళ్లకి కావలసింది రెండేళ్లు ఏమీ మారకపోవడం. వాళ్లూ మన వాడుకరులే.

ప్లాస్మాపక్షి:
కేడీఈ (గ్నోమ్‌లాంటి ఇంకో డెస్క్‌టాప్ ప్రాజెక్టు) వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. మా దగ్గర ఒక తేదీ కాదు, మూడు గడియారాలు. ఫ్రేమ్‌వర్క్స్ అనే లైబ్రరీలు నెలకోసారి, ప్లాస్మా అనే డెస్క్‌టాప్ ఏడాదికి మూడుసార్లు, గేర్ అనే యాప్‌ల మూట ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్‌లలో. వీటన్నిటి కింద ఉన్న క్యూటీ లైబ్రరీ తన ఆరు నెలల లెక్కలో తను. బయటి నుంచి చూస్తే గందరగోళంగా ఉంటుంది, ప్యాకేజీ చేసేవాళ్లు ఎన్నోసార్లు అన్నారు కూడా.

2024 ఫిబ్రవరి 28న మూడింటినీ కలిపి ఒకే రోజు వదిలారు, ప్లాస్మా 6, ఫ్రేమ్‌వర్క్స్ 6, గేర్ 24.02. మెగారిలీజ్ అన్నారు. క్యూటీ 5 నుంచి 6కి మారడం కాబట్టి విడివిడిగా వదిలితే సగం పాతది సగం కొత్తది అయిపోయేది. ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను. కానీ తేదీ చూడండి, ఉబుంటు 24.04 ఫీచర్ ఫ్రీజ్ ఆ మర్నాడే, ఫిబ్రవరి 29. ఒక్క రోజులో అంత పెద్ద మార్పు ఎవరు ఎక్కిస్తారు, ఎక్కించకూడదు కూడా. కేడీఈతో వచ్చే ఉబుంటు రకం, కుబుంటు 24.04, ప్లాస్మా 5.27తోనే వచ్చింది. అది సరైన నిర్ణయమే అని ఇప్పటికీ అంటాను, అయినా మనసు ఒప్పుకోలేదు.

మా దగ్గర అందరూ నేర్చుకోదగ్గది ఒకటుంది, బగ్ సరిదిద్దే రిలీజ్‌ల మధ్య వ్యవధి. ఫిబొనాచి వరసలో ఉంటుంది. ప్లాస్మా 6.3 చూడండి, 2025 ఫిబ్రవరి 11న వచ్చింది, 6.3.1 ఒక వారానికి, 6.3.2 ఇంకో వారానికి, 6.3.3 రెండు వారాలకి, 6.3.4 మూడు వారాలకి, 6.3.5 అయిదు వారాలకి. రిలీజ్ అయిన మొదటి పది రోజుల్లోనే ఎక్కువ బగ్‌లు బయటపడతాయి కాబట్టి అప్పుడు త్వరత్వరగా, తర్వాత నెమ్మదిగా. అన్నీ ముందే పేజీలో రాసి ఉంటాయి. ప్యాకేజీ చేసేవాళ్లు ఆ రోజు కాఫీ కప్పుతో సిద్ధంగా కూర్చోవచ్చు.

అక్షరసేవ:
నేను తెలుగు అనువాదాలు చేస్తాను. ఈ చర్చలో ఎప్పుడూ మా మాట చివరికే వస్తుంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

అనువాదాలకి వాడే జెట్‌టెక్స్ట్ ఎలా పనిచేస్తుందో చాలామంది డెవలపర్లకి సరిగ్గా తెలియదు. మూలంలోని ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. అందులో ఒక్క కామా మార్చినా పాత అనువాదం "ఫజీ" అని గుర్తు పడి పక్కకి వెళ్తుంది, మేము చూసి సరే అనేదాకా వాడేవాళ్లకి ఇంగ్లీషే కనిపిస్తుంది. ఒక యాప్‌లో ఇది జరిగింది. రిలీజ్‌కి రెండు రోజుల ముందు "డిలీట్ నోట్" అన్న బటన్‌ని "మూవ్ టు ట్రాష్" చేశారు. మంచి మార్పే, అర్థం ఇంకా స్పష్టంగా ఉంది. కానీ ఆ డైలాగ్‌లో "వద్దు", "భద్రపరచు" అని రెండు బటన్లు తెలుగులో, అసలు జాగ్రత్తగా నొక్కాల్సిన మూడో బటన్ ఇంగ్లీషులో. ఇంగ్లీషు రాని మనిషి ముందు ఆ డైలాగ్ పెట్టి చూడండి. ఆ వెర్షన్ ఒక ఎల్‌టీఎస్‌లోకి వెళ్లింది, ఇంకా అలాగే ఉంది.

గ్నోమ్‌లో ఇందుకే ఫ్రీజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. బీటాతో ఫీచర్లు, రూపం ఆగిపోతాయి, తర్వాత స్ట్రింగ్ ఫ్రీజ్, చివర్లో కోడ్ కూడా. స్ట్రింగ్ ఫ్రీజ్ పడ్డాక వాక్యం మార్చాలంటే అనుమతి అడగాలి. చిన్న యాప్‌లకి ఇంత హంగు అక్కర్లేదు. మూడు వారాలు ముందు "ఇక వాక్యాలు మారవు" అని ఒక్క మాట చెప్పండి, చెప్పాక మార్చకండి. మాలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో చేసేవాళ్లం. మూడు వారాలంటే మూడు ఆదివారాలు.

నిరంతరధార:
అక్షరసేవ గారూ, ఫజీ సంగతి నాకు నిజంగా తెలియదు. నేను ఇంగ్లీషు ఇంటర్‌ఫేసే వాడతాను కాబట్టి ఎప్పుడూ తగల్లేదు. ఫ్రీజ్ మాట మీద నా అభిప్రాయం సగం మార్చుకుంటున్నాను. రోలింగ్‌లో ఉన్నా అనువాదానికి టైమ్ కావాలి కదా.

కొక్కెం:
గ్నోమ్ డెస్క్‌టాప్‌కి అదనపు సౌకర్యాలు చేర్చే షెల్ ఎక్స్‌టెన్షన్లు రెండు రాశాను, ఆ అనుభవం చెప్తాను. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు షెల్ లోపల ఈఎస్ మాడ్యూల్స్‌కి (జావాస్క్రిప్ట్ కోడ్ ఫైళ్లని కలిపే కొత్త పద్ధతికి) మారింది, దాంతో పాత ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ మార్చకుండా నడవలేదు. ఊరికే మెటాడేటాలో షెల్ వెర్షన్ నంబర్ పెంచితే సరిపోయే రోజు కాదది, ఇంపోర్ట్ లైన్లన్నీ తిరగరాయాలి. నాకు కోపం రావాలి, కానీ రాలేదు, ఎందుకంటే మార్పు ముందే చెప్పారు, ఎలా మార్చుకోవాలో రాసి పెట్టారు, తేదీ అందరికీ తెలుసు. బీటా వచ్చిన రోజు నుంచి కూర్చుంటే సెప్టెంబర్‌కి ఒకటి అయిపోయింది. రెండోది కాలేదు, అది నేను ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల. నాకు కావలసింది కూడా అంతే, మార్పు తక్కువ ఉండటం కంటే అది ఎప్పుడొస్తుందో తెలియడం.

కాగితంపడవ:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. కానీ నా ముడి ఇంకా విడిపోలేదు. నాకు కావలసిన లైబ్రరీ మార్చిలో వస్తుంది, డిస్ట్రో ఫ్రీజ్ ఫిబ్రవరిలో. మరి గ్నోమ్ 46 మార్చి 20న వచ్చి 24.04లోకి ఎలా ఎక్కింది? ఫ్రీజ్ దానికి వర్తించదా?

ప్యాకేజీమూట:
మంచి ప్రశ్న, అసలు కిటుకు ఇక్కడే ఉంది. గ్నోమ్ బీటా ఫిబ్రవరిలోనే వచ్చేస్తుంది. బీటా దగ్గర ఏపీఐ (యాప్‌లు లైబ్రరీని పిలిచే తీరు), ఫీచర్లు ఆగిపోతాయి కాబట్టి డిస్ట్రో ఆ బీటానే ముందు ఎక్కించుకుంటుంది. తర్వాత వచ్చే ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్), చివరి వెర్షన్ రెండూ బగ్‌ల సరిదిద్దుళ్లు, వాటికి దారి ఉంటుంది. అంటే ఫ్రీజ్ రోజుకి మీ రిలీజ్ పూర్తవ్వక్కర్లేదు, మీ ఫీచర్లు పూర్తవ్వాలి. మీరు కూడా లిబ్‌అద్వైత బీటా మీద 3.0 బీటా ఫిబ్రవరి మధ్యలో వదిలి, "ఇక కొత్తవి రావు" అని రాసి ఉంటే అది వెళ్లే అవకాశం ఉండేది.

డెబియన్‌లోనూ ఇదే లెక్క. ట్రిక్సీ అనే వెర్షన్‌కి ట్రాన్సిషన్ ఫ్రీజ్ 2025 మార్చి 15, సాఫ్ట్ ఫ్రీజ్ ఏప్రిల్ 15, హార్డ్ ఫ్రీజ్ మే 15, రిలీజ్ ఆగస్టు 9. గ్నోమ్ 48 మార్చి 19న వచ్చింది, అయినా ట్రిక్సీలో ఉంది. ప్లాస్మా 6.4 జూన్‌లో వచ్చింది, అది లేదు, 6.3 ఉంది. ఇంకో ఉపయోగపడే సంగతి, ఉబుంటు తన చక్రం మొదటి భాగంలో డెబియన్ అన్‌స్టేబుల్ (కొత్త ప్యాకేజీలు ముందు చేరే చోటు) నుంచి ప్యాకేజీలు దానంతట అదే తెచ్చుకుంటుంది, ఇంపోర్ట్ ఫ్రీజ్ దాకా. కాబట్టి డెబియన్‌లో ముందు చేరితే రెండు చోట్ల పని ఒకేసారి అవుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం. ఫ్రీజ్ దగ్గర పడిందని చివరి రోజు తోసెయ్యకండి. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనంలో వెనకతలుపు వ్యవహారం గుర్తుందిగా, ఆ దొంగ కోడ్ ఉన్న 5.6.1ని 24.04లోకి తెమ్మని అభ్యర్థన పెట్టింది కూడా ఆ కోడ్ చేర్చిన ఖాతానే, మార్చి 28న. ఆ మర్నాడే, మార్చి 29న, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వుకుంటూ వెళ్లి కనిపెట్టింది బయటపడింది. ఉబుంటు వాళ్లు అనుమానం ఉన్న ప్యాకేజీలన్నీ మళ్లీ బిల్డ్ చేసి, బీటాని ఏప్రిల్ 4 నుంచి 11కి జరిపారు. అప్పటి నుంచి ఫ్రీజ్ ముందు రోజు "అర్జంటుగా ఇది ఎక్కించండి" అని ఎవరైనా అడిగితే నేను డిఫ్ (మారిన లైన్ల జాబితా) మొత్తం చదవకుండా ముట్టుకోను, అడిగింది స్నేహితుడైనా సరే.

పాతకాపు:
నేనూ ఒక మాట. ఇంత అనుభవం తర్వాత నాకు అనిపించేది, అందరూ ఒకే రోజు రిలీజ్ చేయక్కర్లేదు, చేయకూడదు కూడా. లైబ్రరీ ముందు, దాని మీద యాప్ తర్వాత, ఆ తర్వాత డిస్ట్రో, ఇలా మెట్లలా ఉండాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య కొన్ని వారాలు. అయితే అందరి మెట్లూ ఒకే ఫ్రీజ్‌ని చూసి కట్టాలన్నది నేను ఒప్పుకోను. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ని చూడండి, 4.12 నుంచి 4.14కి నాలుగున్నరేళ్లు పట్టింది, 2015 ఫిబ్రవరి నుంచి 2019 ఆగస్టు దాకా. మనుషులు తక్కువ, పని ఎక్కువ. వాళ్లని ఆరు నెలల బండికి కట్టేస్తే ప్రాజెక్టే ఆగిపోయేది. ఇప్పుడు 4.16, 4.18, 4.20 మూడూ డిసెంబర్లలోనే వచ్చాయి, 2020, 2022, 2024. ఎవరి శక్తికి తగ్గ వేగం వాళ్లది, చెప్పిన మాట మీద ఉంటే చాలు.

ప్లాస్మాపక్షి:
పాతకాపు గారితో సగమే ఏకీభవిస్తాను. ఎవరి వేగం వాళ్లదైతే ఖర్చు ప్యాకేజీ చేసేవాళ్ల మీద పడుతుంది. ప్లాస్మాని కూడా మున్ముందు ఏడాదికి రెండుసార్లకి తగ్గించాలన్న ఆలోచన వచ్చింది సగం ఇందుకే, డిస్ట్రోలకి దగ్గరగా ఉండాలని. పెద్ద ప్రాజెక్టులు వంగాలి, చిన్నవాటిని వంచకూడదు.

కాగితంపడవ:
రెండు రోజులు ఆలోచించి ఇలా అనుకున్నాను, తప్పులుంటే చెప్పండి. ఏడాదికి రెండే రిలీజ్‌లు, జనవరి చివరి వారం, జూలై చివరి వారం. ఉబుంటు ఫ్రీజ్‌లు ఫిబ్రవరి, ఆగస్టు రెండో సగం చుట్టూ పడుతున్నాయి కాబట్టి రెండు మూడు వారాలు చేతిలో ఉంటాయి. జనవరి రిలీజ్‌కి కావలసిన లైబ్రరీ వెర్షన్ అంతకుముందు సెప్టెంబర్‌లో వచ్చిందే, మార్చిలో రాబోయేదాని కోసం ఆగను. అంటే కొత్త విడ్జెట్ నా యాప్‌లోకి ఒక చక్రం ఆలస్యంగా వస్తుంది. మొదట ఇది నాకు రుచించలేదు, కానీ అద్వ్‌డైలాగ్ లేకుండా ఆవిడ ఆరు నెలలు ఉండగలరు, చివరి పేరా లేకుండా ఉండలేరు. వాక్యాలు రిలీజ్‌కి మూడు వారాల ముందు ఆగిపోతాయి. ప్రతి రిలీజ్‌కీ ఒక బ్రాంచ్, అందులో బగ్‌ల సరిదిద్దుళ్లు మాత్రమే, మొదటిది వారానికి, రెండోది ఇంకో వారానికి, తర్వాత అవసరాన్ని బట్టి. ఇదంతా రిపాజిటరీ మొదటి పేజీలోనే రాశాను.

2.6.1 నిన్న రాత్రి ట్యాగ్ చేశాను. ఆ నాలుగు లైన్లు తప్ప ఇంకేమీ లేవు.

ప్యాకేజీమూట:
చూశాను, డిఫ్ శుభ్రంగా ఉంది. బగ్ మళ్లీ తెప్పించే పద్ధతి కూడా మీరే రాశారు, సగం పని తప్పింది. ఎస్ఆర్‌యూకి ఇవాళే పెడుతున్నాను. ఒక్క సాయం, ఆవిడకి రాయండి, ప్రపోజ్డ్‌లోకి వచ్చాక ఆవిడ పరీక్షించి ఒక మాట చెప్తే అదే సరిపోతుంది.

అక్షరసేవ:
జనవరి తేదీ నా క్యాలెండర్‌లో రాసుకున్నాను. స్ట్రింగ్స్ ఒకసారి తిరగేశాను. "ఓపెన్ నోట్స్" అన్నది ఒకచోట ఉంది, దాని పక్కన వివరం లేదు. నోట్స్‌ని తెరవమనా, తెరిచి ఉన్న నోట్సా? తెలుగులో రెండూ వేరు.

కాగితంపడవ:
తెరిచి ఉన్న నోట్సండీ, పక్క ప్యానెల్‌లో శీర్షిక అది. ఇప్పుడే అనువాదకులకి కామెంట్ చేర్చాను. ఆవిడకి కూడా రాశాను.